పుట్టినరోజు విందును గృహస్థుని బాధ్యతయు

బిడ్డకు పదునాఱేండ్లు నిండిన దినమున తలయంటి, క్రొత్తబట్టలు కట్టించి, పెద్దలకు మ్రొక్కించి, పాయసము వడ్డించుటతో మన పూర్వుల వేడుక ముగిసెడిది. నేటి వేడుక సాయంకాలమున మొదలగుచున్నది. స్నేహితులు ఇరువదిమందియో ముప్పదిమందియో వత్తురు. దీపములు, పాటలు, కేకు, నృత్యము. ఇందు దోషమేమియు లేదు. ఈడువారితో కూడి సంతోషించుట యౌవనమునకు సహజము. కాని కొన్ని యిండ్లలో ప్రొద్దుపోయిన కొలది ఎవరి సంచిలోనుండియో యొక సీసా బయటికి వచ్చుచున్నది. అప్పుడా యింటి తల్లిదండ్రులు చేయవలసినదేమి?

“పిల్లలు ఎట్లును త్రాగుదురు, వీథిలో త్రాగుటకంటె మన కన్నులయెదుట త్రాగుట మేలు గదా” యని వాదించు పెద్దలు గలరు. వారిని దుర్మార్గులని మేమనము. బిడ్డమీది ప్రేమయే వారిచేత నట్లు పలికించుచున్నది. కాని యీ వాదమునకు చరిత్రలో సమాధానము కలదు. దానిని చదువరుల ముందుంచుటయే మా యుద్దేశము.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో కూలివారి పిల్లలు కూజాలు చేతబట్టి, ఇంటి పెద్దలకొఱకు బీరు తెచ్చుటకు మద్యశాలలకు పోవుట వాడుక. సంస్కర్తల యాందోళనఫలముగ 1886లో, పదుమూడేండ్లలోపు పిల్లలకు మద్యశాలలో త్రాగుటకై మద్యమమ్మరాదని శాసనమయ్యెను. పదునాలుగేండ్లు నిండనివారిచేతికి మూత బిగించి ముద్రవేసిన సీసాలలో తప్ప మద్యమీయరాదని 1901లో మఱియొక శాసనము వచ్చెను. ఈ శాసనములన్నియు అంగడివాని చేతిని పట్టుకొన్నవే. ఇంటిలో తండ్రి చేతిని పట్టుకొన్నవి కావు. 1908 నాటి బాలల శాసనము గడప దాటెను. అదియు ఐదేండ్లు నిండని శిశువునకు వైద్యుని యాజ్ఞలేక మద్యమీయరాదనినంత మాత్రమే. ఇంగ్లండులో ఇంటిలోపలి యీ హద్దు నేటికిని ఐదేండ్లకడనే నిలిచియున్నది.

కామన్సు సభలో కూర్చున్న మొదటి స్త్రీ యగు నాన్సీ ఆస్టరు 1923లో, పదునెనిమిదేండ్లలోపువారికి మద్యశాలలో మద్యమమ్మరాదను శాసనమును నెగ్గించెను. ఒక స్త్రీ తానై సభలో ప్రవేశపెట్టగా చట్టమైన మొదటి శాసన మిదియే. స్త్రీకి సభలో చోటు దొరకిన నాలుగేండ్లకే ఆమె తలపెట్టిన పని పిల్లలను మద్యమునుండి కాపాడుట యగుట మన సోదరీమణులు గమనింపదగినది.

అమెరికా చరిత్ర మఱింత బోధకరము. అచ్చట 1933లో మద్యనిషేధము తొలగిన పిమ్మట పెక్కు రాష్ట్రములు త్రాగుటకు ఇరువదియొక్క యేండ్లు నిండవలెనని నియమించెను. 1971లో ఓటుహక్కు పదునెనిమిదేండ్లకు దిగెను. ఓటువేయుటకును యుద్ధమునకు పోవుటకును తగినవాడు త్రాగుటకు తగడా యను తర్కము బలపడి, ఆ దశాబ్దమున సగముకంటె నెక్కువ రాష్ట్రములు త్రాగు వయస్సునుకూడ దించినవి. తర్కము వినుటకు బాగుండెను, ఫలము బాగుండలేదు. పడుచువారి మోటారు ప్రమాదములు పెరిగెను. ఒక రాష్ట్రమున వయోనియమము కఠినమైనచో, పడుచువారు సరిహద్దు దాటి పొరుగు రాష్ట్రమున త్రాగి, ఆ మత్తులోనే బండి నడుపుకొని తిరిగివచ్చుచుండిరి. 1980లో, త్రాగి బండి నడిపినవాని మూలమున పదుమూడేండ్ల కూతురును పోగొట్టుకొన్న కాండీ లైట్నరు అను తల్లి యొక సంఘమును స్థాపించెను. తల్లుల యాందోళనయు తోడై, 1984లో కేంద్రశాసనము వచ్చెను: వయస్సును ఇరువదియొకటికి పెంచని రాష్ట్రమునకు రాదారి నిధులలో కొంతభాగము తగ్గింపబడును. 1988 నాటికి రాష్ట్రములన్నియు లోబడెను.

ఈ కాలముననే అచ్చటి న్యాయస్థానములు ఇంటివైపునకు చూపు త్రిప్పినవి. విందులో ఈడురాని యతిథికి మత్తు తెలియుచున్నను ఇంకను మద్యము పోసి, వాడు బండి నడుపునని యెఱిగియు పంపిన గృహస్థుడు, ఆపై జరిగిన ప్రమాదమునకు బాధ్యుడు కావచ్చునని న్యూజెర్సీ న్యాయస్థానమొకటి 1976లో తీర్పుచెప్పెను. 1984లో ఆ రాష్ట్రపు ఉన్నతతమ న్యాయస్థానము, అతిథి పెద్దవాడైనను గృహస్థునకు బాధ్యత కలదనెను. తరువాత అనేకస్థలములలో, తాను పోయకున్నను తన యింట పిల్లలు త్రాగుచుండ నెఱిగియు నూరకున్న పెద్దవారిని శిక్షించు చట్టములు వచ్చినవి. తమ బిడ్డకు తామిచ్చుకొనుటను కొన్ని రాష్ట్రములు సహించును. పరుల బిడ్డ మాట వేఱు. ఆ దేశమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములు ఈ సంగతి నెఱిగియుండుట యవసరము.

మన దేశపు చట్టమును ఇదే త్రోవను నడచినది. బాలన్యాయమునుగూర్చి 2000లో వచ్చిన శాసనము బహిరంగస్థలమున బాలునకు మద్యమిచ్చుటను నేరముగ నెంచెను. 2015 నాటి శాసనమున ‘బహిరంగస్థలము’ అను మాట లేదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి వైద్యుని యాజ్ఞలేక మద్యమిచ్చినవారికి ఏడేండ్లవఱకు కఠినశిక్షయు, లక్షరూపాయలవఱకు జుల్మానాయు విధింపవచ్చును. మన ముందుగది కిపుడు మినహాయింపు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరములు నేర్చుకొనుచు నేర్చుకొనుచునే సారాదుకాణము పైకి కదలిరి. వారు వీథిలోని దుకాణమును మూయించిన నేల యిది. చదువుకొన్న మనము ఆ దుకాణమును మన ముందుగదిలో తెఱచుటయా?

ఇక “కన్నులయెదుట” వాదము. ఆస్ట్రేలియాలో వేయి తొమ్మిదివందలమందికి పైగా కౌమారవయస్కులను ఆఱేండ్లు పరిశీలించిన పండితులు 2018లో తమ ఫలితములను ప్రకటించిరి. తల్లిదండ్రులే మద్యమిచ్చుటవలన పిల్లలకు రక్షణ కలిగినట్లు వారికి నిదర్శన మేమియు దొరకలేదు. అట్టి పిల్లలు ఇతరులయొద్దనుండియు మద్యము సంపాదించుటయు, మితిమీరి త్రాగుటయు ఎక్కువగనే కనబడెను. ఇంటిలో ఇచ్చిన గ్లాసు బిడ్డకు మితమును నేర్పదు. పెద్దల యనుమతిని మాత్రము నేర్పును.

కనుక గృహస్థు చేయవలసినదేమి? ఆహ్వానముతోడనే మద్యము లేదని స్పష్టముగ తెలుపవలెను. వచ్చు పిల్లల తల్లిదండ్రులతో ముందే మాటాడవలెను. విందు ముగియువఱకు పెద్దలు ఇంటనే యుండి, పిల్లల యుల్లాసమునకు అడ్డురాక, నడుమనడుమ వడ్డించు నెపమున వచ్చి పోవుచుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, ఆ రాత్రి ప్రక్కగదిలో పెద్దల గ్లాసులు కూడ నుండరాదు. సీసా కనబడినచో నలుగురిలో అవమానింపక తీసికొని, దానిని తెచ్చిన పిల్లవాని తల్లిదండ్రులకు తెలుపవలెను. త్రాగినవానిచేతికి బండి తాళపుచెవి ఈయరాదు, ఒంటరిగ పంపరాదు. స్పృహ తప్పుచున్నచో ఒకప్రక్కకు తిప్పి పరుండబెట్టి, విడువక కనిపెట్టియుండి, వెంటనే 108కి పిలువవలెను. పరువు పోవునని దాచిన యొక గడియ ప్రాణమును తీయవచ్చును. మందలింపు మఱునాటికి నిలుపుకొనవచ్చును.

చట్టము అంగడివాకిటినుండి మన గడపవఱకు నడచివచ్చుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. అయినను అది ప్రమాదము జరిగిన పిమ్మట వచ్చునదే. ముందుగ నుండవలసినవారము మనము. ఒకరి బిడ్డ మన యింట భుజించుచున్నంతసేపు మనకు అప్పగింపబడిన బిడ్డయే. ఆ బిడ్డను వచ్చినట్లే తిరిగి యప్పగించుటకంటె గొప్ప ఆతిథ్యము లేదు.