ఇన్సులిన్ దుష్ప్రభావాలు: చరిత్ర

మధుమేహానికి వాడే ఇన్సులిన్ సూదిమందు వల్ల కలిగే హానికర ఫలితాలే ఇన్సులిన్ దుష్ప్రభావాలు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గడం వీటిలో ముఖ్యమైనది. జనం దీన్ని 'లో షుగరు' అంటారు. బరువు పెరగడం, సూది వేసిన చోట కొవ్వు గడ్డకట్టడం, అరుదుగా అలర్జీ, కాళ్లకు నీరు పట్టడం తక్కినవి.

తొలినాళ్లు

1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ల మధుమేహ రోగి లియొనార్డ్ థాంప్సన్‌కు ఇచ్చిన తొలి మందు శుద్ధంగా లేక, సూది వేసిన చోట గడ్డ లేచింది. జీవరసాయన శాస్త్రవేత్త కాలిప్ శుద్ధి చేసిన మందు జనవరి 23 నుంచి ఇచ్చాక చక్కెర అదుపులోకి వచ్చింది. టొరంటో ప్రయోగశాలలోనే ఇన్సులిన్ ఎక్కువైన కుందేళ్లు వణికి కొట్టుకుని, గ్లూకోజు ఇవ్వగానే తేరుకున్నాయి. లో షుగరూ, దాని విరుగుడూ అలా తెలిశాయి.

మార్పులు

ఆవు, పంది క్లోమగ్రంథుల నుంచి తీసిన పాత మందుతో అలర్జీలు, చర్మం కింద కొవ్వు కరిగి పడే గుంటలు ఎక్కువ. మందు శుద్ధి మెరుగుపడ్డాక, 1982లో జన్యు సాంకేతికతతో చేసిన మానవ ఇన్సులిన్ వచ్చాక ఇవి బాగా తగ్గాయి. లో షుగరు మాత్రం పోలేదు: 1993లో వెలువడిన అమెరికా డీసీసీటీ అధ్యయనంలో చక్కెరను గట్టిగా అదుపుచేసిన వారికి తీవ్రమైన లో షుగరు సుమారు మూడు రెట్లు ఎక్కువగా వచ్చింది.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో

పడమటి నెల్లూరు మెట్ట ప్రాంతపు ఎండలకు మందు చెడిపోవచ్చు. బలం తగ్గిన మందుతో చక్కెర దిగలేదని మోతాదు పెంచితే, కొత్త సీసా తెరిచిన రోజు చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుకలో ఉంచిన మట్టికుండ కొంత కాపాడుతుంది. ఎండలో పొలం పని, రంజాన్, ఏకాదశి ఉపవాసాలు లో షుగరును తెస్తాయి; ఉపవాసానికి ముందే వైద్యుడితో మోతాదు మాట్లాడుకోవాలి. మిల్లీలీటరుకు 100 యూనిట్లున్న మందును, 40 యూనిట్ల మందు కోసం చేసిన ఎర్రమూత సిరంజిలోకి లాగితే మోతాదు రెండున్నర రెట్లవుతుంది.

నివారణ

చెమట, వణుకు, ఆకలి, తికమక కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలి. సూది వేసే చోటు రోజూ మార్చాలి. దుష్ప్రభావాలకు భయపడి మందు మానకూడదు; టైప్ 1 రోగికి ఇన్సులిన్ ఆగితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం.