అర్ఫజ్ – ఎడారి పువ్వుకీ ఓ చరిత్ర ఉంది

కువైట్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి మూడే: చమురు, ఇసుక, దినారు. కడప జిల్లాలోనూ, కోనసీమలోనూ చాలా ఊళ్ళలో "కువైట్ వాళ్ళిల్లు" అని ఒకటుంటుంది. కానీ ఆ దేశానికో జాతీయ పుష్పం ఉందనీ, దాని పేరు అర్ఫజ్ అనీ అక్కడ ఇరవై ఏళ్ళు పనిచేసి వచ్చినవాళ్ళలో కూడా చాలామందికి తెలీదు. అది వాళ్ళ తప్పేం కాదు లెండి. వాళ్ళు వెళ్ళేసరికే అది మామూలుగా కంటికి కనబడటం మానేసింది.

చూడ్డానికి పెద్ద అందగత్తేమీ కాదు. చేమంతి కుటుంబానికి చెందిన చిన్న పొద. మోకాలెత్తు, మహా అయితే నడుమెత్తు. ఏప్రిల్, మే నెలల్లో చిన్న చిన్న పసుపుపచ్చ పూలు పూస్తుంది. ఎండలు ముదిరేసరికి ఆకులన్నీ రాల్చేసి, పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాని పుల్లల కట్టలా నిలబడుతుంది. చచ్చిపోయిందనుకుంటాం. చావదు. చలికాలపు వానలు పడగానే మళ్ళీ చిగురిస్తుంది. ఏడాది మొత్తానికి సుమారు 110 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే దేశంలో, 2016 జులైలో మిత్రిబా దగ్గర 53.9 డిగ్రీల ఎండ కాసిన దేశంలో బతకాలంటే ఆ మాత్రం నటన రావాలి మరి.

చమురుకి ముందు కువైట్ బతుకులో ఈ మొక్కకి పెద్ద పాత్రే ఉండేది. ఎడారిలో ఒంటెలకీ గొర్రెలకీ ఇదే మేత. పట్నంలో పొయ్యిలోకి ఇదే వంటచెరకు. బెదూయిన్లు అర్ఫజ్ కట్టల్ని ఒంటెల మీద వేసుకొచ్చి సఫాత్ మైదానంలో అమ్మేవారు. తాగేనీళ్ళు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో వచ్చేవి. బజారులో చెల్లేది మన రూపాయి. 1961లో దినారు వచ్చేదాకా అంతే! అంటే నీళ్ళు ఇరాక్ వైపు నుంచి, డబ్బు ఇండియా నుంచి, నిప్పు మాత్రం సొంత ఎడారి నుంచి.

ఈ మొక్కల గురించి శ్రద్ధగా రాసిపెట్టిన మనిషి వయొలెట్ డిక్సన్ అనే ఇంగ్లీషావిడ. 1929లో బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటు భార్యగా కువైట్ వచ్చింది. ఎడారిలో తిరుగుతూ మొక్కలు సేకరించి, లండన్‌లోని క్యూ ఉద్యానానికి పంపేది. అక్కడి ఊదారంగు పువ్వు ఖుజామాకి శాస్త్రీయ నామంలో రెండో సగం, డిక్సోనియే, ఆవిడ పేరే. కువైట్, బహ్రెయిన్ అడవి పూల మీద ఆవిడ పుస్తకం 1955లో వచ్చింది. స్థానికులు ఏ మొక్కని ఏమని పిలుస్తారో, దేనికి వాడతారో కూడా అందులో రాసింది. 1959లో భర్త పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. 1990లో ఇరాక్ దండెత్తినప్పుడు తొంభయ్యో పడిలో ఉన్న ఆవిడని ఇంగ్లండు తరలించారు. 1991 జనవరిలో అక్కడే కన్నుమూసింది.

ఆవిడ చూస్తుండగానే అంతా మారిపోయింది. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. 1946లో మొదటి ఎగుమతి. 1953లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్రభుత్వ ప్లాంటు. 1957లో పట్నం చుట్టూ ఉన్న మట్టిగోడ కూల్చేశారు. గోడ బయట విల్లాలొచ్చాయి, విల్లాలకి తోటలొచ్చాయి. ఆ తోటల్లోకి గడ్డి, గన్నేరు, కోనోకార్పస్, శీతాకాలపు పెటూనియాలు, ఇలా అన్నీ వచ్చాయి, ఒక్క అర్ఫజ్ తప్ప. పొయ్యిలో పెట్టే పుల్లని ఎవరు తోటలో పెంచుతారు చెప్పండి?

గ్యాసు వచ్చాక పుల్లల అవసరం తీరిపోయింది కదా, మొక్క బాగుపడాలి కదా అనిపిస్తుంది. జరిగింది రివర్సు. పూర్వం మందలు వానల వెంట కదిలిపోయేవి, మేసిన నేలకి విశ్రాంతి దొరికేది. నీళ్ళ ట్యాంకర్లు, దాణా లారీలు వచ్చాక మంద ఒకేచోట తిష్ఠ వేసి వేర్లదాకా మేయడం మొదలైంది. దానికి తోడు చలికాలపు గుడారాలు, ఇసుకలో జీపుల పరుగులు, కంకర తవ్వకాలు. ఆపైన 1990 ఆగస్టు 2. ట్యాంకులు, కందకాలు, మందుపాతరలు. వెళ్ళిపోతూ ఇరాక్ సైన్యం 600కి పైగా చమురు బావులు తగలబెట్టింది. ఆఖరి బావి 1991 నవంబరు 6న గానీ ఆరలేదు. నేల మీద చమురు చెరువులే కట్టింది. ఆ యుద్ధమంటే మనకి అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరిన లక్షా డెబ్భై వేలమంది గుర్తొస్తారు. ఎడారి మొక్కలకి ఎక్కడానికి విమానాలు లేవు.

అర్ఫజ్ పోతే పోయేది పువ్వొక్కటే కాదండోయ్. గాలికి ఎగిరే ఇసుకని పట్టి ఆపేది ఈ పొదలే. అవి లేనిచోట ఇసుక నేరుగా ఊళ్ళోకొస్తుంది. అందుకే కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థ దీన్ని మళ్ళీ పెంచే పనిలో పడింది. కంచె వేసి మందల్ని రానివ్వకపోతే నేల తేరుకుంటుందని తేలింది. జహ్రా దగ్గరి సబా అల్ అహ్మద్ అభయారణ్యం అలాంటి చోటే.

మరి ఇంట్లో పెంచొచ్చా? పెంచొచ్చు, కానీ ఎడారి నుంచి పీక్కురావడం నేరం, 2014 పర్యావరణ చట్టం ఒప్పుకోదు. గింజ నుంచే పెంచాలి. అక్కడే ఉంది తిరకాసు. జిల్లేడు గింజకి ఉన్నట్టు దీనికి ఎగిరే దూదిపింజ ఉండదు. శాస్త్రీయ నామంలోని 'ఎపాపోసమ్' అనే మాటకి అర్థమే అది. ఎండిన పువ్వు మొత్తంగా రాలి దొర్లుకుంటూ పోతుంది, గింజలు దాని లోపలే బిగుసుకుని ఉంటాయి. పువ్వుని నలిపి గింజని బయటికి తీస్తే మొలిచే అవకాశం పెరుగుతుంది. ఎండలు తగ్గాక, నీరు నిలవని ఇసుక నేలలో చల్లాలి. పూర్తి ఎండ కావాలి. వేళ్ళూనుకునేదాకా కాసిని నీళ్ళు, ఆ తర్వాత ఇంకా తక్కువ. ఎరువు జోలికి పోనక్కర్లేదు.

అసలు పరీక్ష వేసవిలో. విల్లా తోటల్లో నీళ్ళు పట్టేవాళ్ళు ఎక్కువమంది మన దేశమో, బంగ్లాదేశో నుంచి వెళ్ళినవాళ్ళు. మన తెలుగువాళ్ళూ ఉన్నారు. జూన్‌లో ఎండు పుల్లల్ని అలాగే ఉంచితే యజమాని "నీళ్ళు పొయ్యట్లేదా" అని కసురుతాడు. పోస్తే వేరు కుళ్ళుతుంది. పీకేస్తే ఏ గొడవా లేదు. 20 నంబరు వీసా మీద ఉన్నవాడు ఏది ఎంచుకుంటాడో మీరే ఊహించుకోండి. కాబట్టి అర్ఫజ్ గురించి ముందు నేర్చుకోవాల్సింది తోటమాలి కాదు, యజమాని. పచ్చగా లేనిదల్లా చచ్చినట్టు కాదని.

ఇదంతా ఎక్కడో ఎడారి గొడవ అనుకుంటున్నారా? మన తంగేడు సంగతి చూడండి. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. బీళ్ళలో, గుట్టల్లో ఎవరూ నాటకుండానే పూసేది కాబట్టి ఎవరూ పెరట్లో పెట్టుకోలేదు. ఇప్పుడు గుట్టలు వెంచర్లయిపోతుంటే, నగరంలో బతుకమ్మకి తంగేడు బజారులో కొనుక్కుంటున్నాం. అర్ఫజ్ కూడా ఒకప్పుడు అంత మామూలు మొక్కే. దానికి జాతీయ హోదా దక్కింది కానీ, బతకడానికి కంచె కావాల్సొస్తోంది. ఇంటి ముందు నాలుగడుగుల జాగా ఉన్నవాళ్ళు ఈ ఏడు గులాబీతో పాటు ఒక తంగేడు గింజ కూడా వేసి చూడండి.