బొమ్మకోటల మీది అతుకు రంగు

ఇంటి గోడకు ఒకచోట సున్నము రాలినచో ఆ మేరకు మరల వెల్లవేయుదుము. సున్నము అదే, కుంచె అదే. అయినను ఆ అతుకు వీధిన పోవువారికి సైతము కనబడుచునే యుండును. ఇట్టి చిక్కే ఒకప్పుడు ఫ్రాన్సు రాజుగారి పనివారికి తప్పలేదు.

14వ లూయీ కాలమున, 1668లో, మంత్రి లువ్వా సరిహద్దు కోటలకు చిన్న నమూనాలు చేయింప మొదలిడెను. కొలత 600లో 1వ వంతు. అనగా 600 అడుగుల గోడ నమూనాలో ఒక అడుగు. కొయ్యతో ఇండ్లు, ఇసుకతో నేల, సన్నగా తరిగిన పట్టుతో పచ్చిక అమర్చి రంగులు వేసిరి. శత్రువుల కంట పడరాదని వీనిని లూవ్రు భవనమున భద్రపరచిరి. 1777లో ఇన్వలీడు భవనమునకు తరలించిరి.

కోట మారినప్పుడు నమూనాయు మారవలెను. లేనిచో అది సేనాపతిని మోసగించును. కావున కొన్ని నమూనాలలో పాత బురుజును తొలగించి, క్రొత్తది అమర్చి, దానికి రంగు అద్దవలసివచ్చెడిది.

ఈ అతుకు ఏల బయటపడును? కారణములు మూడు. పాత రంగు వెలుతురు సోకి వెలిసియుండును, ధూళి పట్టి మాసియుండును. కనుక మొదట వాడిన రంగే పూసినను సరిపడదు. రెండవది, జిగురునీటిలో కలిపిన రంగు తడిగా నున్నప్పుడు ముదురుగా తోచును. నీరు పోయి రేణువుల నడుమ గాలి చేరగనే కాంతి ఎక్కువగా చెదరి, రంగు లేతబడును. మూడవది, వేరు వేరు పొడులతో కుదిర్చిన రెండు ఛాయలు పగటి వెలుగున ఒకటిగా నుండి, దీపపు వెలుగున వేరుపడవచ్చును. అందుచేత నేర్పరి ముందుగా ఒక చెక్కముక్కపై రంగు పూసి, ఆరనిచ్చి, ఏ వెలుగున నమూనాను చూతురో ఆ వెలుగుననే పోల్చును. పిమ్మట అతుకు అంచులను పలుచన చేసి పాత రంగులో కలిపివేయును.

సేనాపతికి అతుకు కనబడకుండుటయే మేలు. ఆయనకు కావలసినది నేటి కోట. చరిత్రకారునికి మాత్రము ఆ అతుకే సాక్ష్యము. కోట ఎక్కడ మారినదో అది చెప్పును. 1927లో ఫ్రాన్సు ప్రభుత్వము ఈ నమూనాలను చారిత్రక సంపదగా గుర్తించినది. నేటికి సుమారు 100 మిగిలియున్నవి. ఇట్టి వస్తువులను బాగుచేయు నేటి నిపుణులు పాత రంగుకు హాని లేకుండ తరువాత తీసివేయదగిన రంగునే వాడుదురు. ఎక్కడెక్కడ అద్దినదియు వ్రాసి యుంచుదురు. ఆ వ్రాత పోయినచో, చక్కగా కుదిరిన అతుకు రేపటి పరిశోధకుని కూడ మోసగింపగలదు.