మెడ మీద బిళ్ళ, రిపోర్టులో సీడీ

మా పెదనాన్నకి మెడ దగ్గర బిళ్ళ కట్టింది. నెల దాటినా తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకి పంపారు. అన్నయ్య ఆ రిపోర్టు స్కాన్ చేసి నాకు మెయిల్ పెట్టాడు. ఇంట్లో కంప్యూటర్ ఉద్యోగం నాదొక్కడిదే కదా, అన్నీ నాకే తెలియాలి! అందులో "సీడీ20 పాజిటివ్, సీడీ3 నెగటివ్" అని ఉంది. నాకు తెలిసిన సీడీ వేరు :-) ఆ రాత్రి నిద్ర పట్టక దీని పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ కూర్చున్నా.

బిళ్ళ అంటే వాచిన లింఫ్ నోడ్. దాని నిండా లింఫోసైట్లు. చిక్కేమిటంటే మైక్రోస్కోపులో చూస్తే అవి చాలావరకు ఒకేలా ఉంటాయి. గుండ్రటి నల్లటి కేంద్రకం, చుట్టూ సన్నటి అంచు, అంతే. వాటిలో రెండు జాతులున్నాయని మనకి చెప్పింది, నమ్మండి, కోళ్ళు!

కోడిపిల్లకి తోక దగ్గర బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. అది తీసేస్తే యాంటీబాడీలు సరిగా తయారవడం లేదని అమెరికాలో బ్రూస్ గ్లిక్ గమనించాడు. 'సైన్స్' పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపితే 1956లో 'పౌల్ట్రీ సైన్స్'లో అచ్చయింది. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్, పుట్టగానే థైమస్ తీసేసిన చిట్టెలుకలు పరాయి చర్మాన్ని తిప్పికొట్టలేవని చూపించాడు. 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ బృందం మళ్ళీ కోళ్ళలోనే ఇవి రెండు వేరువేరు దళాలని తేల్చింది. బర్సావి బి కణాలు, థైమస్‌వి టి కణాలు. మనకి బర్సా లేదు, మన బి కణాలు ఎముక మజ్జలో పుడతాయి.

సరే, రెండు జాతులని తెలిసింది. మనిషి నుంచి తీసిన ముక్కలో ఏది ఏదో గుర్తుపట్టేదెలా? 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. అది కణం పైనున్న ఒకే ఒక్క ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. దానికి రంగు తగిలిస్తే ఆ కణాలే మెరుస్తాయి.

ఇక మొదలైంది మనకి బాగా తెలిసిన గోల. ప్రతి ల్యాబూ సొంత యాంటీబాడీ, సొంత పేరు! ఒకరి టి4, ఇంకొకరి ల్యూ-3 చివరికి ఒకే ప్రోటీన్. 1982లో పారిస్‌లో సమావేశమై, ఒకేలా ప్రవర్తించే యాంటీబాడీలని గుంపులు కట్టి, గుంపుకో నంబరు ఇచ్చారు. సీడీ అంటే 'క్లస్టర్ ఆఫ్ డిఫరెన్సియేషన్'. టి4 కాస్తా సీడీ4 అయింది. తర్వాత బి1 అనేది సీడీ20 అయింది.

స్టాండర్డ్స్ కమిటీలంటే మనం నవ్వుకుంటాం. ఆ నంబర్లే లేకపోతే మా ఊరి రిపోర్టు ఇంకో ఊరి డాక్టరుకి అర్థమయ్యేది కాదు. సీడీ20 ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, మామూలు బి కణాల మీదా అది ఉంటుంది. కణాలు నోడ్‌లో ఎలా సర్దుకున్నాయో కూడా చూడాలి. పెదనాన్న నోడ్‌లో ఆ అమరికంతా చెదిరిపోయింది. బి కణాల లింఫోమా అన్నారు.

కానీ గుర్తుపట్టడానికి వాడిన గుర్తే గురి కూడా అయింది. సీడీ20కి అతుక్కునే రిటుక్సిమాబ్‌కి 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. మంచి బి కణాలూ దానితో పోతాయి. అయితే వాటిని పుట్టించే మూలకణాల మీద సీడీ20 లేదు కాబట్టి మళ్ళీ పుడతాయి.

పొద్దున్నే ఫోన్ చేస్తే పెదనాన్న "ఏం రాశార్రా అందులో?" అన్నారు. "ఏ కణమో తెలిసింది, దానికి మందు కూడా ఉంది పెదనాన్నా" అన్నా. ఆయన పుట్టిన కాలంలో ఈ రెండు ముక్కల్లో ఒక్కటి కూడా ఎవరూ చెప్పగలిగేవారు కాదు.