బాపులపాడు తోటలో పాత మోటారు

విజయవాడ–ఏలూరు రహదారిని నూజివీడు బాట కలియు చోటికి హనుమాన్ జంక్షన్ అని పేరు. దానికి చేరువనే బాపులపాడు. అచట మా మిత్రునికి మామిడితోట కలదు. గత వేసవిలో రసాలు కోతకు వచ్చువేళ, ఆ తోటలోని రేకుల కొట్టములో నున్న పాత కారును బాగుచేయుటకు మే మిరువురము పూనుకొంటిమి. అది 1956లో ఆయన తండ్రిగారు కొనిన ల్యాండ్‌మాస్టరు.

దాని పుట్టుక ఇంగ్లండులో. విలియం మోరిస్ 1913లో ఆక్స్‌ఫర్డు నగరమున తన తొలి కారును నిర్మించి, దానికి ఆ ఊరిపేరే పెట్టెను. ఆ పేరుతోనే 1954లో వెలువడిన రెండవ శ్రేణి మోరిస్ ఆక్స్‌ఫర్డును, కలకత్తా చెంత ఉత్తర్‌పారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు ల్యాండ్‌మాస్టరుగా తయారుచేసిరి. దాని తరువాత వచ్చిన అంబాసిడరు 2014 వరకు ఆ కర్మాగారమున తయారగుచునే యుండెను.

అయితే ఇంగ్లండు కారులోను, మన కారులోను ఇంజను ఒకటి కాదు. అచటి దానిలో కవాటములు సిలిండరుకు పైన నుండెడివి. పరిమాణము 1,489 ఘన సెంటీమీటర్లు. మనవారు అంతకు పూర్వపు కారులోని 1,476 ఘన సెంటీమీటర్ల ఇంజనునే వాడిరి. దానిలో కవాటములు ప్రక్కన నుండును. పెట్రోలు ఆవిరి వంకరదారిన పోవలసి వచ్చుటచే బలము తక్కువ. 1959లో అంబాసిడరుకు పైకవాటముల ఇంజను వచ్చినది.

మేము మూత తెరచి చూడగా లోపల నున్నది అంబాసిడరు ఇంజను! పాతది కొట్టము మూలను గోనెపట్టాల క్రింద పడియున్నది.

మా ఇరువురకు అచటనే భేదాభిప్రాయము కలిగెను. 2021లో కేంద్ర ప్రభుత్వము సవరించిన నిబంధనల ప్రకారము, తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, ఇంజనులోను, చట్రములోను పెద్ద మార్పులు లేని బండికే ‘వింటేజి’ గౌరవము దక్కును. కావున పాత ఇంజనునే మరల బిగింపవలెనని మేము పట్టుపట్టితిమి. మిత్రుడు బదులు చెప్పక, ఇంటికి పోయి తండ్రిగారి లెక్కల పుస్తకము తెచ్చెను. 1971 వేసవి పుటలో రసాల అమ్మకపు సొమ్ము జమ. దాని క్రిందనే ఇంజను ఖర్చు.

‘‘ఆ యేడు మా అమ్మ అడిగిన గొలుసు మానుకొని దీనిని కొనిరి. కాన్పులకు, జ్వరములకు ఊరివారిని నూజివీడు ఆసుపత్రికి చేర్చినది ఈ ఇంజనే. దీనిని నే నెట్లు తీసివేయుదును?’’ అనెను.

మాకు మాట రాలేదు. ఆలోచింపగా మరొక సంగతి తోచెను. ఆ ఊరి మెకానిక్కు బిగించినది, మోరిస్ ఆక్స్‌ఫర్డుకు ఇంగ్లండులో నున్న జాతి ఇంజనే. అసలు రూపమని మేము పట్టుబట్టినది ఉత్తర్‌పారాలో జరిగిన మార్పు మాత్రమే!

ఇంజను మార్చలేదు. వింటేజి దరఖాస్తు పెట్టలేదు. పాత ఇంజనుకు తుప్పు గీకి, నూనె పూసి భద్రపరచితిమి. కారు తిరిగి కదలిన నాడు, మిత్రుడు లెక్కల పుస్తకములో ఒక క్రొత్త పుట తెరచి, ఆ తేదీ వ్రాసికొనెను.