నోటి మీద నడచిన అక్షరక్రీడ

అక్షరములు చెక్కిన బిళ్ళలను పేర్చియు, పాచికలను దొర్లించియు పదములు కూర్చు ఆటలు పడమటి దేశముల నుండి మన యిండ్లకు వచ్చినవి. అందు మిక్కిలి ప్రసిద్ధమైన స్క్రాబుల్‌ను 1930 దశాబ్దములో ఆల్ఫ్రెడ్ బట్స్ అను అమెరికా వాస్తుశిల్పి రూపొందించెను. ఏ అక్షరము ఎన్ని మారులు వచ్చుచున్నదో వార్తాపత్రికలలో లెక్కించి, తరచుగా వచ్చు వానికి తక్కువ విలువను, అరుదైన వానికి ఎక్కువ విలువను అతడు నిర్ణయించెను. ఇంగ్లీషు ఆటకు నూరు బిళ్ళలు చాలినవి. తెలుగున నొక్క కకారమే గుణింతముతో ఎన్నో రూపములు తాల్చును. వత్తులు చేరినచో బిళ్ళలకు అంతుండదు. అయినను అక్షరములతో ఆడు ఆట మనకు లేకపోలేదు. బిళ్ళయు పలకయు అక్కరలేక నోటితోనే మనవారు ఆడిన ఆట అవధానము.

ఈ విద్యకు విజయనగర సీమతో గట్టి సంబంధము కలదు. 1879 నుండి 1897 వరకు సంస్థానమునేలిన ఆనందగజపతి కవి పండిత గాయకుల నాదరించిన ప్రభువు. హరికథకు పితామహుడని లోకము కొనియాడిన ఆదిభట్ల నారాయణదాసుగారు 1864లో అజ్జాడ గ్రామమున జన్మించి, 1919లో విజయనగరమున నెలకొన్న సంగీత పాఠశాలకు తొలి అధ్యక్షులైరి. హరికథలతో పాటు సాహిత్యమునందును సంగీతమునందును అష్టావధానములు చేసి మెప్పించిన ప్రతిభ వారిది.

అవధానమునందలి అంశములలో రెండు మన ప్రసంగమునకు ముఖ్యములు. మొదటిది వ్యస్తాక్షరి. పృచ్ఛకుడు ఒక వాక్యములోని అక్షరములను వరుస తప్పించి, నడుమ నడుమ ఒక్కొక్కటిగా, వాని సంఖ్యతో సహా అందించును. చెదరిన బిళ్ళలను మనస్సులోనే పేర్చుకొని, అవధాని తుదకు వాక్యమును సరిగా చదువవలెను. రెండవది నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరము పలుకగనే, తరువాత ఏ అక్షరము రారాదో పృచ్ఛకుడు శాసించును. మన యిండ్లలో అష్టాచెమ్మా ఆడునప్పుడు గవ్వలు ఎట్లు పడినను అట్లే నడువవలసి యున్నది గదా! ఇచట గవ్వలకు బదులు ఎదుటివాని బుద్ధి పనిచేయును.

ఉత్పలమాల నెత్తుకొని అవధాని "శ్రీ" అనెననుకొందము. "శ్రీరమ" అనునేమోనని పృచ్ఛకుడు రకారమును నిషేధించును. అవధాని "క" అనును. "శ్రీకర" రానున్నదని మరల రకారమునకే అడ్డు. అవధాని తడుముకొనక "శ్రీకళ" అని సాగును. ఈ మూడు మాటలును భగణములే. కనుక ఏది పడినను ఛందస్సు చెడదు. ఒకే తూకము గల మాటలను రెండు మూడింటిని ముందుగానే సిద్ధపరచుకొనుట ఇందలి మొదటి ఉపాయము. రెండవది ప్రాస. పద్యమున రెండవ అక్షరముగా దేనిని పలికిన, నాలుగు పాదములకును అదియే ప్రాస యగును. క, న, ర, ల వంటివైన మాటలకు కొదువ లేదు. ఠకారమో ఝకారమో పలికినవాడు తన మెడకు తానే గుదిబండ కట్టుకొనును. స్క్రాబుల్‌లో అరుదైన అక్షరము లాభము. మన ఆటలో అది భారము.

ఛందస్సు తెలియని పిల్లలును దీనిని ఇంట ఆడవచ్చును. ఒకరు "చె" అందురు. ఎదుటివారు ఒక్క మాటను గాక, ఒక మాటల గుంపునే మూయ యత్నింపవలెను. రకారమును నిషేధించినచో చెరువు, చెరకు రెండును పోవును. అప్పుడు చెలమ అనియో, చెట్టు అనియో తప్పించుకొనగలవాడే గెలుచును.

నారాయణదాసుగారు ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును అచ్చతెలుగునకును తెచ్చిరి. ఆ గ్రంథము 1932లో వెలువడినది. అచ్చతెలుగు వ్రాయుటయనగా తత్సమములన్నిటిని తనకు తానే నిషేధించుకొనుట. అంత పెద్ద నిషేధమును దాటుటకు జనుల నోట నిలిచిన మాటలే వారికి ఆధారము. ఒక వస్తువునకు ఒక్క మాటయే ఎరిగినవాడు మొదటి నిషేధముననే ఓడును. చెలమ, దొరువు, మడుగు, కుంట అను మాటలు మరచి అన్నిటిని "ట్యాంకు" అనుట కలవాటుపడిన బాలుడు ఈ ఆట ఆడలేడు. పెద్దలు సాయంకాలము పిల్లలతో ఒక్క గడియ ఈ ఆట ఆడినచో, ఆ మాటలు మరియొక తరము నిలుచును.