తుడవకుండా దిద్దే ఉపాయం

పలక మీద ఒక్క అక్షరం దిద్దడానికి పలకంతా తుడవాల్సొస్తే ఎలా ఉంటుంది? మన సెల్‌ఫోన్లలో ఫొటోలు దాచే ఫ్లాష్ మెమరీది సరిగ్గా ఆ చిక్కే. తోషిబా కంపెనీలో పనిచేసిన జపాన్ ఇంజనీరు ఫుజియో మసువోకా దీన్ని 1984లో లోకానికి తెలియజేశారు. కరెంటు పోయినా అందులో రాసింది పోదు. కాని రాసినచోటే మళ్లీ రాయాలంటే ఒక పెద్ద ముక్కనంతా చెరపాలి. పదేపదే చెరిపితే ఆ ముక్క అరిగిపోతుంది కూడాను. కంప్యూటర్లకేమో డిస్కు అలవాటు. ఎక్కడ కావాలంటే అక్కడ దిద్దేస్తాయి.

మరి ఈ రెంటికీ పొత్తు కుదిరిందెలా? ఇజ్రాయెల్‌లోని ఎమ్-సిస్టమ్స్ కంపెనీకి చెందిన అమీర్ బాన్ ఒక ఉపాయం చెప్పి, 1993లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు, 1995లో వచ్చింది. కొత్త రాతను ఖాళీ జాగాలో రాస్తారు. పాతది చెల్లదని గుర్తు పెడతారు. ఏది ఎక్కడుందో పట్టికలో మార్చుకుంటారు. చెల్లనివి పేరుకున్నాక, పనికొచ్చేవాటిని పక్కకు తరలించి, అప్పుడు ముక్కంతా చెరుపుతారు. అల్మారా సర్దేటప్పుడు మనం చేసేదీ అదే కదూ! కంప్యూటరు మాత్రం అదీ ఒక డిస్కే అనుకుంటుంది.

కనుక మనం తీసేశామనుకున్న ఫొటో ఆ క్షణానే చెరిగిపోతుందని అనుకోకండి. పాత మెమరీ కార్డును పరాయివాళ్ల చేతిలో పెట్టేముందు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.